రాసే మిషన్, చచ్చే మిషన్

మా వీధి అంకుల్ పోయారు. ఆ కబురు నాకు ఆంటీయే చెప్పారు. పొద్దున్నే మా పేట స్కోఫీల్డ్స్ స్టేషన్లో ఆఫీసుకెళ్ళే పారమట్టా రైలు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్లో ఆంటీ పేరు చూడగానే బెంచీ మీద కూర్చుండిపోయాను. "తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా, ఇబ్బందేమీ పడలేదు" అన్నారు ఆవిడ, ఓదార్చాల్సింది నన్నే అన్నట్టు. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్ళిపోయింది. నేను మాత్రం బెంచీ మీదే ఉన్నాను. పదేళ్ళలో ఆ రైలుని కళ్ళెదుటే వదిలెయ్యడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళారు. మేం ఆడవాళ్ళం ఆంటీ చుట్టూ కూర్చున్నాం. వచ్చినవాళ్ళు తలా ఒక మాట చెప్పుకున్నారు. తన గరాజ్ తలుపు బాగుచేసి పెట్టారని ఒకావిడ, రంజాన్‌లో వీధి మొత్తానికీ గిన్నెలు పంపేవారని ఇంకొకావిడ. అన్నీ నిజమే. కానీ నాకు తెలిసిన అంకుల్ ఆ మాటల్లో ఎక్కడా లేరు. నాకు తెలిసినాయన పాత కంప్యూటర్ ముందు కూర్చుని, అది చచ్చిపోతే చప్పట్లు కొట్టే మనిషి. ఆ అంకుల్ గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. అందుకని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన అర్థం కారు. మాది ఒంగోలు. పెళ్ళై ఈ దేశం వచ్చిన కొత్తలో ఐదేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఏ పార్టీకి వెళ్ళినా "నువ్వేం చేస్తుంటావమ్మా" అని అడిగేవారు. చంకలో ఉన్న పాపని చూపించి నవ్వేదాన్ని. ఆ నవ్వు నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టేవి. తర్వాత పారమట్టాలో ఒక కంపెనీలో టెస్టర్‌గా చేరాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా పని. తప్పులు పట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, కావాలంటే మా ఆయన్ని అడగండి. పదేళ్ళు దిలాసాగా గడిచిపోయాయి. ఒకరోజు మేనేజర్ మమ్మల్నందరినీ గదిలో కూర్చోబెట్టి, కేకు కూడా తెప్పించి, ఏడాది చివరికల్లా మా టీమ్ ఉండదని చెప్పాడు. కేకు ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

అదే అంతస్తులో కెర్నెల్ వాళ్ళ టీమ్ ఉంది. కంప్యూటర్లో మనకు కనిపించే వాటన్నిటికీ అడుగున కూర్చుని, మెమొరీ ఎవరికి ఇవ్వాలి, ఏ పని ముందు, ఏ పని వెనక అని పెత్తనం చేసే అసలు ప్రోగ్రామునే కెర్నెల్ అంటారు. కొత్త పరికరం ఏదైనా తగిలిస్తే దాని మాట కెర్నెల్‌కి అర్థమయ్యేలా చెప్పే ముక్క డ్రైవర్. ఆ టీమ్‌లో ఒక సీటు ఖాళీ ఉంది. టీమ్ పెద్ద ఒకావిడ, మాట కత్తిరించినట్టు మాట్లాడుతుంది. ఉష్ణోగ్రత కొలిచే బొటనవేలంత యూఎస్‌బీ బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టి, ఆర్నెల్లలో దీనికి డ్రైవర్ రాసి తన ముందు నడిపించమంది. నడిస్తే సీటు నాది. నడవకపోతే నేను ఇంటికి. నా వయసు ముప్పై ఎనిమిది. మళ్ళీ ఆ నవ్వు నవ్వుకుంటూ పార్టీల్లో నిలబడాలంటే నాకు భయం వేసింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

తీరా మొదలుపెడదామంటే మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగిపోయింది. ఈ చదువుకి ఎలాంటి కంప్యూటర్ కావాలి? మా ఆయన ఏ పని తలపెట్టినా ముందు సామాను కొనాలనే మనిషి. పరుగు మొదలుపెడతానని బూట్లు కొన్నాడు, ఆ బూట్లు ఇంకా పరిగెత్తలేదు. ఈయన లాప్‌టాప్‌లన్నిటినీ వరసగా రాసిన పట్టిక తెచ్చి, కోర్లు ఎన్నుంటే అంత మంచిదని చెప్పాడు. కోర్ అంటే కంప్యూటర్ లోపల లెక్కలు చేసే బుర్ర. ఎనిమిది బుర్రలున్నది కొనమని ఈయన పోరు. వాట్సాప్ గ్రూపులో అడిగితే పదిమంది పదిరకాలు చెప్పారు. అసలు కంప్యూటరే వద్దు, అద్దెకి దొరుకుతుందన్నాడొకడు. రెండు వారాలు నేను కంప్యూటర్ ఎంచుతూ కూర్చున్నాను. ఒక్క లైను కోడ్ రాయలేదు.

ఒక ఆదివారం చెత్తబిన్ను బయటికి లాగుతుంటే, రెండిళ్ళ అవతల తన బిన్ను లాగుతూ అంకుల్ పలకరించారు. అప్పటిదాకా ఆయన నాకు గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ పెద్దాయన, అంతే. ముఖం అలా పెట్టావేమని అడిగితే, ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకుంటూనే ఉన్నదంతా చెప్పేశాను. కెర్నెల్ అన్న మాట వినగానే ఆయన బిన్ను వదిలేసి వచ్చారు.

"నేను బతికిందే దాంతో బేటా" అన్నారు. గుంటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో టెక్నీషియన్‌గా మొదలుపెట్టి, ఇక్కడికొచ్చాక లిఫ్టులు నడిపే పెట్టెలకి ప్రోగ్రాములు రాసి రిటైరయ్యారట. మా ఇంట్లో వాడే పాత లాప్‌టాప్ ఉందా అని అడిగారు. ఉందన్నాను. అది చాలు, ఇంకొకటి మాత్రం కావాలి, అది కొనేది కాదు, వెతికేది అన్నారు. ఆ తర్వాత చెప్పిన మాట ఈ ఏడాదిలో నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను.

"రాసే మిషన్‌ని చంపొద్దు. చంపే మిషన్ మీద రాయొద్దు."

అర్థం ఇదీ. మామూలు ప్రోగ్రాములో తప్పు చేస్తే ఆ ప్రోగ్రాము ఒక్కటే ఆగిపోతుంది. కెర్నెల్‌లో తప్పు చేస్తే కంప్యూటర్ మొత్తం గుడ్లు తేలేస్తుంది. రాసుకుంటున్న దాని మీదే పరీక్ష చేస్తే మన రాతలు కూడా దాంతోపాటే పోతాయి. ఎక్స్ఛేంజ్‌లో ప్రతిదీ జంటగా ఉండేదట, ఒకటి పోతే ఇంకోటి అందుకునేలా. ఆ అలవాటు ఆయనకి ఒంట్లో ఇంకిపోయింది. ఇంట్లో టీవీ రిమోట్‌లు కూడా రెండు ఉండేవి.

ఆ వెతికే మిషన్ కోసం మేం వెళ్ళింది కౌన్సిల్ క్లీనప్‌కి. ఏడాదికి కొన్నిసార్లు ఇక్కడ జనం తమకి అక్కర్లేని సామానంతా ఇంటి ముందు గడ్డి మీద పెడతారు, కౌన్సిల్ లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. లారీ కంటే ముందు మేం వెళ్ళాం. అంకుల్ చేతిలో ఆంటీ కూరగాయల ట్రాలీ. పాత కంప్యూటర్ డబ్బా కనిపిస్తే చాలు, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని వెనక్కి తొంగి చూసేవారు. పెళ్ళిచూపుల్లో ముఖం చూస్తారు, దీనికి వీపు చూడాలి అన్నారు. ఆయన వెతుకుతున్నది తొమ్మిది పిన్నుల పాత సాకెట్. కెర్నెల్ చచ్చేటప్పుడు తెర బిగుసుకుపోయి ఏమీ చెప్పదట. ఆ సాకెట్‌కి తీగ తగిలించి రెండో కొస రాసే మిషన్‌కి పెడితే, పోయేముందు అది ఏం చెప్పిందో ఇక్కడ అక్షరాల్లో పడుతుంది. నాలుగో వీధిలో దొరికింది. దుమ్ము కొట్టుకుపోయిన నల్ల డబ్బా, పక్కన విరిగిన ట్రాంపొలిన్.

దాన్ని ట్రాలీలో వేసుకుని ఈడ్చుకొస్తుంటే మాకు తెలిసిన తెలుగావిడ కారు నెమ్మదించి, అద్దం దించి, అంతా బాగే కదమ్మా అని జాలిగా అడిగింది. బాగేనండీ అన్నాను. ఆ సాయంత్రమే మా ఆయనకి ముగ్గురు ఫోన్ చేసి, ఉద్యోగం ఏమన్నా పోయిందా, మొహమాటపడకుండా చెప్పమన్నారు. ఈయన నా మీద ఎగిరిపడ్డాడు. ఈ సంగతి చెబితే అంకుల్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆంటీ మాత్రం ఆ ట్రాలీని మూడుసార్లు కడిగారు.

అలా మొదలైంది మా చదువు. వారానికి మూడు సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే వాళ్ళ గరాజ్‌కి. ఒక బల్ల మీద నా లాప్‌టాప్, దాని ఎదురుగా నల్ల డబ్బా, మధ్యలో తీగ. మొదటి రోజు నాకు కోడ్ ఏమీ నేర్పలేదు. డబ్బాని కావాలని చంపించారు. ఎలా చంపాలో ఒక ఆజ్ఞ చెప్పి కొట్టమన్నారు. తెర బిగుసుకుంది, నా లాప్‌టాప్ మీద బారెడు అక్షరాలు దొర్లుకుంటూ వచ్చాయి. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాను. ఆయన చప్పట్లు కొట్టారు. చూశావా, చచ్చింది, ఇల్లు కాలిపోయిందా, ఎవరన్నా జైల్లో పెట్టారా అని అడిగారు. బటన్ నొక్కితే మళ్ళీ లేచింది. పదేళ్ళు ఇంకొకరి తప్పులకి ఎర్ర జెండాలు ఊపినదాన్ని, నా తప్పంటే నాకెంత భయమో ఆ రోజు తెలిసింది.

ఆయన పెట్టిన రూలు ఒకటుంది. బటన్ నొక్కేముందు ఏం జరుగుతుందో నోట్‌బుక్‌లో పెన్నుతో రాయాలి. నొక్కాక ఏం జరిగిందో దాని కింద రాయాలి. రాయకుండా నొక్కబోతే చేతి మీద స్కేలుతో చిన్నగా కొట్టేవారు, ముప్పై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని. ఇంకో రూలు టీది. నా కోడ్ వల్ల డబ్బా చస్తే ఆ రోజు టీ నేను పెట్టాలి, చావకపోతే ఆయన పెట్టాలి. మొదటి రెండు నెలలూ ఆ ఇంట్లో టీ నేనే పెట్టాను. ఈ పిల్ల చదువు మొదలుపెట్టాక నాకు వంటింట్లో విశ్రాంతి దొరికిందని ఆంటీ అందరికీ చెప్పుకునేవారు. రంజాన్ నెలలో మాత్రం ఉపవాసం విడిచేదాకా టీ శిక్ష వాయిదా పడేది. ఆ వాసన తట్టుకోవడం తన వల్ల కాదని అంకుల్ నిజాయితీగా ఒప్పుకునేవారు.

మూడో నెలలో మొదటిసారి ఆయన టీ పెట్టారు. బిళ్ళ నుంచి గరాజ్ ఉష్ణోగ్రత నా తెర మీద అంకెల్లో పడిన రోజు. ఇరవై ఆరు. నేను బిళ్ళ మీద వేలు పెడితే ముప్పై అయింది. అంతే, నేను కుర్చీలోంచి లేచి గంతులేశాను. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, యూ నో మన గోడ మీద థర్మామీటర్ ఉంది, రైట్?" అంది. అంకుల్ దాన్ని పిలిచి దాని వేలు కూడా బిళ్ళ మీద పెట్టించారు. టీలో పంచదార రెండింతలు వేశారు, తాగలేక చచ్చాను.

మా ఆయన అప్పుడప్పుడూ గరాజ్‌లోకి తొంగి చూసి, ఆ డబ్బాలో కోర్లు ఎన్నని అడిగేవాడు. ఒకటే. ఒక్క కోరుతో ఈ రోజుల్లో ఎవరు పనిచేస్తారండీ అనేవాడు. అంకుల్ తేలిగ్గా నవ్వేవారు. ఒక్కదాంతో పని చేయించలేనివాళ్ళు ఎనిమిదింటితో ఏం చేయిస్తారని అడిగేవారు. నేను అంకుల్ పక్షమే. నా లాప్‌టాప్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్‌ని పుట్టించే ప్రోగ్రాము కూడా పెట్టుకున్నాను. చిన్న చిన్న పరీక్షలకి అందులోనే చంపి, పెద్దవి డబ్బా మీద చంపేదాన్ని. ఆ ఉత్తుత్తి కంప్యూటర్‌కీ ఒకటే కోరు. మార్చాలని నాకు తట్టలేదు, ఆయన చెప్పలేదు.

ఆరో నెల వచ్చేసరికి నా డ్రైవర్ డబ్బా మీద రోజుల తరబడి ఆగకుండా నడిచింది. నా మొహం వెలిగిపోయింది. టీమ్ పెద్ద ముందు నడిపించి చూపాల్సిన డెమోకి వారం ముందు అంకుల్‌కి ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చారు, గుండె బలహీనమైందన్నారు. చూడటానికి వెళితే, నా సంగతి వదిలెయ్, నోట్‌బుక్ పట్టుకెళ్ళు అన్నారు.

డెమో రోజు టీమ్ పెద్ద నా డ్రైవర్‌ని తన మిషన్లో వేసింది. అందులో ఎనిమిది కోర్లు. మొదటి ప్రోగ్రాము అంకె చదివింది. ఆవిడ తల ఊపి, ఒకేసారి రెండు ప్రోగ్రాములతో చదివించింది. ఊపిరి తీసి వదిలేలోపు మిషన్ మొత్తం బిగుసుకుపోయింది. గదిలో నలుగురున్నారు, నలుగురూ టీ కప్పుల వైపు చూశారు. "ఇంట్లో నడిచిందండీ" అన్నాను. ఆ మాట ఎంత నాసిరకం మాటో టెస్టర్నైన నాకు తెలుసు, పదేళ్ళు దాన్ని విని పెదవి విరిచినదాన్ని. ఆవిడ థాంక్యూ అంది. అంతే.

రైల్లో కూర్చున్నంతసేపూ నాకు అంకుల్ మీద కోపం. అవును, ఆయన మీదే. ఏరుకొచ్చిన డబ్బా, ఒక్క కోరు, మా ఆయన నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. ఆసుపత్రిలో మంచం మీద ఉన్న మనిషితో ఏమీ అనకూడదని దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఆయన సీటు వచ్చిందా అని అడగలేదు. "ఎక్కడ చచ్చింది?" అని అడిగారు.

"మీ డబ్బా మీద ఒక్కసారి కూడా చావలేదంకుల్. అదే కదా నా ఖర్మ" అన్నాను. గొంతు కొంచెం లేచింది. ఆంటీ బత్తాయి వలుస్తున్న చెయ్యి ఆపారు.

అక్కడ కోర్లు ఎన్నని అడిగారు. ఎనిమిది. ఎప్పుడు బిగుసుకుందని అడిగారు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి చదివినప్పుడు. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎంతకీ తెరవలేదు. నాకు భయమేసి నర్సుని పిలుద్దామనుకుంటుండగా కళ్ళు తెరిచారు.

"నా తప్పు బేటా" అన్నారు. "నలభయ్యేళ్ళు ఒంటికోరు మిషన్లతో కాపురం చేశాను. నీక్కూడా అదే కట్టబెట్టాను."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. రెండు ప్రోగ్రాములు ఒకేసారి బిళ్ళ జోలికి వెళ్ళకుండా నేను కోడ్‌లో ఒక తాళం పెట్టాను. తాళం పట్టుకున్నవాడు పని ముగించి వెంటనే వదిలెయ్యాలి. నా కోడ్ తాళం వేసుకుని, బిళ్ళ జవాబిచ్చేదాకా లోపల నిద్రపోతోంది. బాత్రూమ్ గడియ పెట్టుకుని లోపల కునుకు తీసినట్టు. బయట రెండోవాడు తలుపు దగ్గర నిలబడి అలా చూస్తూనే ఉంటాడు, వాడి వెనక మిగతా పనులన్నీ ఆగిపోతాయి. మరి డబ్బాలో ఎందుకు నడిచింది? ఒక్క కోరే ఉంటే కెర్నెల్ ఆ తాళాన్ని అసలు పెట్టదు. ఒక్కడే ఉండే ఇంట్లో బాత్రూమ్‌కి గడియ ఎందుకని తీసేస్తుంది. నేను పెట్టాననుకున్న తాళం ఆర్నెల్లూ అక్కడ లేనే లేదు.

ఇదంతా చెప్పి ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చింది, అయినా ఆపలేదు. మీ ఆయనకి చెప్పు, ఆయనే రైటు, నేను ఓడిపోయానని చెప్పు అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కోపం ఎటు పోయిందో పోయింది, మంచం మీదున్న మనిషి మీద గొంతు లేపానని సిగ్గు మాత్రం మిగిలింది. ఆ మాటే చెప్పాను. టెస్టర్‌వి కదా, తప్పు పట్టావు, జీతం తీసుకునే పనే చేశావు అన్నారు. రేపు వెళ్ళి ఆవిడని ఇంకో అవకాశం అడగమన్నారు. ఏ ముఖం పెట్టుకుని అడగనంకుల్ అన్నాను.

"నడిచిందని చెప్పుకుని అడిగితే బిచ్చం. ఎందుకు చచ్చిందో తెలుసుకుని అడిగితే పని."

ఇంటికెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. ఉత్తుత్తి కంప్యూటర్‌కి కోర్లు ఎన్నుండాలో చెప్పే చోట ఒకటి తీసి నాలుగు పెట్టాను. ఒక్క అంకె, అంతే. కొనక్కర్లేదు, ఏరుకు రానక్కర్లేదు. మొదటి నిమిషంలోనే ఆఫీసులో బిగుసుకున్నట్టే బిగుసుకుంది. అంత ఆనందంగా నేను ఏ చావునీ చూడలేదు. మర్నాడు లాప్‌టాప్ ఆసుపత్రికి పట్టుకెళ్ళి ఆయనకి చూపించాను. ఆ అంకె సంగతి ఆయనకీ తెలీదు. మళ్ళీ చూపించమన్నారు. రెండు పెట్టమన్నారు, ఎనిమిది పెట్టమన్నారు. భోజనం ట్రే తెచ్చిన అమ్మాయిని కూడా ఆపి చూపించారు. పాపం ఆ పిల్ల వావ్ అంది. నాకు నేర్పిన మనిషి నా దగ్గర నేర్చుకుంటూ అంత సంబరపడటం చూస్తే, నేను మా ఆఫీసులో ఎంతమంది కొత్తవాళ్ళ దగ్గర మొహం ముడుచుకున్నానో గుర్తొచ్చింది.

మా ఆయనకి సంగతి చెప్పాను. ఓడిపోయానని అంకుల్ అన్నారని కూడా చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఒక్క నిమిషం గంతేశాడు కూడా. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి, ఆ డబ్బా లేకపోతే తీగలో అక్షరాలు చదవడం మా ఆవిడకి వచ్చేది కాదంకుల్ అని చెప్పొచ్చాడట. నాకు ఆంటీ చెబితే తెలిసింది.

టీమ్ పెద్దకి ఉత్తరం రాశాను. ఎక్కడ చచ్చింది, ఎందుకు చచ్చింది, మా ఇంట్లో ఎందుకు చావలేదు. కౌన్సిల్ క్లీనప్‌లో ఏరుకొచ్చిన డబ్బా సంగతి దాచలేదు. ఇంట్లో నడిచిందని చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను, ఇంట్లో ఎందుకు నడిచిందో చెప్పినదానివి నువ్వే అని జవాబు వచ్చింది. పదిరోజుల తర్వాత మళ్ళీ రమ్మంది.

ఆ పదిరోజుల్లో తాళం మార్చాను. లోపల నిద్రపోయినా ఫర్వాలేని రకం తాళం ఒకటుంది, అది పెట్టాను. రెండో డెమోలో ఆవిడ రెండు ప్రోగ్రాములతో కాదు, వందతో ఒకేసారి చదివించమంది. నేను బటన్ నొక్కేముందు నోట్‌బుక్ తీసి, ఆగదు అని రాశాను. ఆవిడ నా భుజం మీంచి చూసింది, ఏం రాశావని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. అంకెలు పడుతూనే ఉన్నాయి. ఆవిడ కాఫీ తెచ్చుకుంది. పడుతూనే ఉన్నాయి. ఆవిడ ఈమెయిళ్ళు చూసుకుంది. చివరికి విసుగొచ్చినట్టు తనే ఆపేసి, సోమవారం నుంచి ఈ వైపు కూర్చో అంది.

ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళలేదు, మా ఆయనకి కూడా ఫోన్ చెయ్యలేదు. ఆసుపత్రికే పరుగెత్తాను. అంకుల్ నిద్రలో ఉన్నారు, ముక్కుకి ఆక్సిజన్. రెండు మూడు రోజులుగా మాట సరిగా రావడం లేదని ఆంటీ చెప్పారు. మా ఇద్దరి మధ్యా అప్పటిదాకా కంప్యూటర్ తప్ప వేరే మాట పెద్దగా లేదని అప్పుడే తట్టింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గంట తర్వాత కళ్ళు తెరిచారు.

"వచ్చిందంకుల్" అన్నాను. "సోమవారం నుంచి."

ఆయన విన్నారో లేదో నాకు తెలీలేదు. కాసేపటికి చెయ్యి ఎత్తి ఆంటీకి సైగ చేశారు, కళ్ళజోడు ఇమ్మని. ఇప్పుడు కళ్ళజోడు దేనికి, ఇక్కడ చదవడానికి ఏముందని ఆంటీ మందలిస్తూనే తీసి పెట్టారు. ఆయన దాన్ని ముక్కు మీద సరిచేసుకుని, ఎడమ చెవి దగ్గర ఆక్సిజన్ గొట్టం అడ్డొస్తే ఓపిగ్గా పక్కకి జరిపి, తల తిప్పి, నా ముఖంలోకి చూశారు. అలా చాలాసేపు చూశారు.